కాలనీ ఇంట్లో గిన్నెకోళ్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, కావలి, ఒంగోలు చుట్టుపక్కల లేఅవుట్లలో ఇల్లు కట్టుకుని, పెరట్లో నాలుగు గిన్నెకోళ్లు (గినీ ఫౌల్) పెంచుకుందామనుకునేవాళ్లు నన్ను తరచూ అడుగుతుంటారు. "పాములు రావంట కదా?", "గుడ్లు బాగా పెడతాయంట కదా?" అని మొదలుపెడతారు. అరుపు సంగతి చివర్లో అడుగుతారు, కొందరైతే అసలే అడగరు. ముందు అడగాల్సింది అదే. మేత, షెడ్డు, జబ్బులు, వీటన్నిటికీ ఏదో ఒక దారి దొరుకుతుంది. అరుపు ఒక్కటే మన గోడ దాటి పక్కింట్లోకి పోయేది. అందుకే దాంతోనే మొదలుపెడుతున్నాను.

నిజంగా అంత గోల చేస్తాయా?

చేస్తాయి. నాటుకోడి పుంజు తెల్లారుజామున కూసి, మధ్యలో ఒకటి రెండుసార్లు కూసి ఊరుకుంటుంది. గిన్నెకోళ్లు పొద్దున షెడ్డు తలుపు తీసిన దగ్గర్నుంచి సాయంత్రం షెడ్డులో పడుకునే కర్ర ఎక్కేదాకా ఎప్పుడైనా అందుకుంటాయి. ఒకటి మొదలుపెడితే గుంపంతా కలుస్తుంది. పుంజు "చెక్ చెక్ చెక్" అని ఒకే ముక్కను గబగబా అంటుంది. పెట్ట "కెక్-క్రేక్, కెక్-క్రేక్" అని రెండు ముక్కలుగా, ఆపకుండా పదీ పదిహేను నిమిషాలు అరవగలదు. నిశ్శబ్దంగా ఉండే కాలనీలో ఆ అరుపు రెండు మూడు వీధుల అవతలికి వినబడుతుంది.

కొత్తది ఏది కనబడినా అరుస్తాయి. గ్యాస్ బండి, మైకు పెట్టుకుని వచ్చే కూరగాయల ఆటో, మేడ మీద ఆరేసిన ఎర్ర దుప్పటి, పైన తిరిగే డేగ, పక్కింటికి వచ్చిన చుట్టాలు. రోజూ కనబడేవాటికి కొన్నాళ్లకు అలవాటు పడతాయి. పాలబ్బాయిని చూసి మొదటి వారం అరిచినవి నెల తిరిగేసరికి తల ఎత్తి చూసి ఊరుకుంటాయి. మొదటి ఏడాది పిల్లకోళ్ల అరుపు ఎక్కువ, వయసొచ్చాక కొంత తగ్గుతుంది. పూర్తిగా మానడమన్నది మాత్రం లేదు. "మాటలు నేర్పినట్టు నేర్పి ఆపొచ్చు" అని ఎవరైనా చెబితే నమ్మకండి.

రాత్రిపూట చీకట్లో మామూలుగా కదలకుండా కూర్చుంటాయి. పిల్లి గానీ కుక్క గానీ వచ్చి షెడ్డు గీకితే మాత్రం అర్ధరాత్రి కూడా ఒక్కసారిగా లేస్తాయి.

పక్కింటివాళ్లకు ముందే చెప్పాలా? తెచ్చాక చెప్తే సరిపోదా?

ముందే చెప్పాలి. తెచ్చాక చెబితే అది అడిగినట్టు కాదు, తెలియజేసినట్టు. రెండు పక్కల ఇళ్లు, వెనక ఇల్లు, ఎదురిల్లు, కనీసం ఈ నాలుగిళ్లకు వెళ్లండి. ఫోన్‌లో గిన్నెకోళ్ల అరుపు పెద్ద సౌండు పెట్టి వినిపించండి. "ఇదిగో వదినా, ఇట్టా అరుస్తాయి. రోజులో చాలాసార్లు వినబడుద్ది. మీకు ఇబ్బంది అయితే ఇప్పుడే చెప్పండి, తెచ్చుకోను" అని అడగండి. మొహమాటానికి "పర్లేదులే" అంటారు చాలామంది. కాబట్టి వాళ్లింట్లో ఎవరెవరున్నారో కూడా ఆలోచించండి. రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునే నర్సు, చంటిపిల్ల తల్లి, మంచం పట్టిన పెద్దాయన, ఇంటర్ పరీక్షలకు కూర్చున్న పిల్లలు ఉన్నారా? అలాంటి ఇల్లు గోడ పక్కనే ఉంటే నోటితో ఒప్పుకున్నా నేనైతే తెచ్చుకోవద్దనే చెప్తాను.

గుడ్లు ఇచ్చి సర్దుకుందామనుకోకండి. గుడ్లు ఇవ్వండి, మంచిదే. కానీ నిద్ర పోయిన మనిషికి అర డజను గుడ్లు బదులు కావు.

చట్టం ఏమంటుంది? అనుమతి తీసుకోవాలా?

గిన్నెకోడి ఆఫ్రికా నుంచి వచ్చిన పెంపుడు పక్షి. మన అడవి పక్షి కాదు కాబట్టి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దీనికి అడ్డు రాదు. పొలాల్లో వల వేసి పట్టే కౌజు పిట్టల సంగతి వేరు. ఆ చట్టం వాటికి రక్షణ ఇస్తుంది, వాటిని ఇంట్లో పెంచడం నేరం. "ఇదీ అదీ ఒకటేగా" అని ఎవరైనా కౌజులు కట్టబెడితే తీసుకోకండి.

చిక్కు వచ్చేది ఇరుగుపొరుగుకు ఇబ్బంది దగ్గర. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ హద్దు. గుంపు ఒక్కసారి గొంతెత్తితే పక్కింటి కిటికీ దగ్గర అది దాటిపోతుంది. పదిమందికి ఇబ్బంది అని ఫిర్యాదు వెళితే భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఆ ఇబ్బంది తొలగించమని ఆర్డీఓ స్థాయి అధికారి ఉత్తర్వు ఇవ్వొచ్చు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇదే 133వ సెక్షన్. నగరంలో కార్పొరేషన్ వాళ్లు, ఊళ్లో పంచాయతీ వాళ్లు కూడా పారిశుద్ధ్యం పేరు మీద అడగొచ్చు. తెచ్చుకునే ముందే మీ వార్డు లేదా గ్రామ సచివాలయంలో ఒక మాట అడిగి ఉంచుకోండి. అద్దె ఇంట్లో ఉంటే ఓనరు ఒప్పుకోలు కాగితం మీద ఉండటం మంచిది.

ఎంత జాగా కావాలి?

నెల్లూరు లెక్కలో చెప్తాను. అంకణం అంటే 72 చదరపు అడుగులు. ఆరు పక్షులకు రాత్రి షెడ్డు అర అంకణం, పగలు తిరగడానికి పైన కూడా వల వేసిన దొడ్డి రెండు అంకణాలు. ఇది కనీసం. ఇంతకన్నా తగ్గితే ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి, ఈకలు పీక్కుంటాయి. నాలుగంకణాలుంటే హాయిగా ఉంటాయి.

30 అంకణాల స్థలంలో ఇల్లు కట్టాక చుట్టూ మిగిలేది సన్నటి సందులే. ఆ సందులో గిన్నెకోళ్లు పెడితే వాటి గొంతు, పక్కింటి పడగ్గది కిటికీ ఎదురెదురుగా ఉంటాయి. అలాంటి ఇంటికి ఈ పక్షి పనికిరాదు. కాలనీ అంచున, ఒక పక్క ఖాళీ ప్లాటో పొలమో ఉండి, దొడ్డికీ అవతలి ఇంటికీ మధ్య కాస్త ఎడం ఉన్నవాళ్లే ఆలోచించాలి. గోడకు గోడ ఆనుకుని ఉండే మూలాపేట, స్టోన్‌హౌస్‌పేట లాంటి పాత వీధుల్లో వద్దే వద్దు.

అపార్ట్‌మెంట్ మేడ మీద?

వద్దు. పైనుంచి అరుపు ఇంకా దూరం పోతుంది. మే నెలలో శ్లాబు వేడికి పక్షి బతకదు.

ఎన్నిటితో మొదలుపెట్టాలి? పుంజు, పెట్ట తేడా ఎలా తెలుస్తుంది?

ఐదారుతో. ఒక్కటి పెంచితే తోడు కోసం రోజంతా అరుస్తుంది, అది దానికీ నరకం, వీధికీ నరకం. జంట పెంచినా ఒకటి చస్తే రెండోదాని గతి అంతే. పదిహేను, ఇరవై అంటే కాలనీలో మోయలేం.

పిల్లలప్పుడు తేడా తెలియదు. రెండు నెలలు దాటాక గొంతు వినాలి. రెండు ముక్కల అరుపు పెట్టదే, పుంజు ఎన్నటికీ అలా అరవదు. పెట్ట మాత్రం అప్పుడప్పుడు పుంజులాగా ఒంటి ముక్క కూడా అరుస్తుంది, కాబట్టి ఒకరోజు విని తేల్చకండి. పెద్దయ్యాక పుంజుకు ముక్కు కింద వేలాడే తోలు పెద్దగా, దొప్పలా వంగి ఉంటుంది. పెట్టకు చిన్నగా, చదునుగా ఉంటుంది. నాలుగైదు పెట్టలకు ఒక పుంజు చాలు. అసలు పిల్లలు అవసరం లేదు, గుడ్లు తింటే చాలు అనుకుంటే పుంజు లేకపోయినా పెట్టలు గుడ్లు పెడతాయి. పుంజులు రెండుంటే గుడ్ల కాలంలో ఒకదాన్నొకటి తరుముకుంటూ దొడ్డంతా రచ్చ చేస్తాయి.

గిన్నెకోళ్లుంటే పాములు రావంట, నిజమేనా?

అందరూ అడిగేది ఇదే, అందుకే కాస్త వివరంగా చెప్తాను. మన జిల్లాల్లో ఈ భయం ఊరికే వచ్చింది కాదు. లేఅవుట్లలో సగం ప్లాట్లు ఖాళీ, వాటినిండా చిల్లకంప, ఇటుక ముక్కలు, కంకర కుప్పలు. నాగుపాము, రక్తపింజరి, కట్లపాము మూడూ ఉన్న నేల ఇది.

గిన్నెకోడి పామును చూస్తే అరుస్తుంది, అది నిజం. ఆ అరుపు మామూలు అరుపులా ఉండదు. ఒకరోజు మధ్యాహ్నం మా దొడ్డి మూల పేర్చిన కొబ్బరిమట్టల దగ్గర ఆరూ అర్ధచంద్రాకారంగా నిలబడ్డాయి. మెడలు నిగిడి, తలలు కిందికి వంచి, కళ్లన్నీ ఒక్కచోటే. ముందున్న పుంజు రెండడుగులు ముందుకేసి వెనక్కి గెంతుతోంది. గొంతులు మాత్రం ఆగడం లేదు. దగ్గరికి పోయి చూస్తే మట్ట కింద చుట్ట చుట్టుకుని ఒక చిన్న జెర్రిపోతు. పది నిమిషాల తర్వాత అది గోడ కంతలోంచి జారుకుంది, ఇవి ఇంకో పావుగంట ఆ కంత దగ్గరే కాపలా ఉన్నాయి. మనిషికి చెప్పే విషయంలో ఈ పక్షికి సాటి లేదు.

కానీ ఇందులో మూడు మాటలు గుర్తుపెట్టుకోవాలి. గిన్నెకోడి పగటి పక్షి. కట్లపాము తిరిగేది రాత్రి. ఆ సమయానికి ఇవి పడుకునే కర్ర మీద కళ్లు మూసుకుని ఉంటాయి. చిన్న పాముపిల్లను గుంపుగా పొడిచి చంపితే చంపొచ్చు, పెద్ద నాగుపామును ఇవి ఏమీ చేయలేవు. మూడోది ఎవరూ చెప్పరు: మేత కింద ఒలికితే ఎలుకలు వస్తాయి, ఎలుకల కోసం, గుడ్ల కోసం పాములే వస్తాయి. మేత డబ్బాకు మూత లేని ఇంట్లో గిన్నెకోళ్లు పాముల్ని ఆపకపోగా పిలుస్తాయి.

కాబట్టి పాముల కోసమే అయితే ముందు ఖాళీ ప్లాట్ కంప కొట్టించండి, ఇటుకల కుప్ప తీసేయండి, గోడ కంతలు మూయండి, రాత్రి టార్చిలైటు లేకుండా బయటికి రాకండి. ఆ ఖర్చు గిన్నెకోళ్ల ఖర్చు కన్నా తక్కువ, ఫలితం ఎక్కువ. పాము కరిస్తే నేరుగా ప్రభుత్వాసుపత్రికి, అంతే.

పిడుదులు, పురుగులు తగ్గుతాయా?

మిడతలు, చెదలు, చీమలు, జెర్రులు, నేలమీద కనబడే పురుగల్లా తింటాయి. పక్కనే గేదెల పాకలున్న కాలనీల్లో పిడుదుల బాధ ఉంటుంది, వాటినీ ఏరుకు తింటాయి. అమెరికాలో లాంగ్ ఐలండ్ ద్వీపంలో 1992లో వచ్చిన ఒక అధ్యయనం గిన్నెకోళ్లు తిరిగిన పచ్చికలో పెద్ద పిడుదులు తగ్గినట్టు చూపింది. కంటికి ఆనని పిల్ల పిడుదుల మీద అంత ప్రభావం ఉండదు. దోమలు తగ్గుతాయని మాత్రం ఆశపడకండి.

మొక్కల విషయంలో ఇవి నాటుకోళ్లకన్నా మేలు. నేలను అంతగా గీరి పోయవు. అయితే లేత మొలకలు, పువ్వులు తుంచుతాయి, మొక్కల మొదట్లో మట్టి స్నానానికి గుంట చేస్తాయి. దొడ్డిలోనే ఒక మూల పొడి మన్ను, బూడిద కలిపి పెడితే అక్కడే పొర్లుతాయి.

ఏ రకాలు దొరుకుతాయి? ఎక్కడ తెచ్చుకోవాలి?

బరేలీ దగ్గర ఇజ్జత్‌నగర్‌లోని కేంద్ర పక్షి పరిశోధన సంస్థ మూడు రకాలు తీర్చిదిద్దింది. బూడిద రంగు మీద ముత్యాల్లాంటి తెల్ల చుక్కలున్నది కాదంబరి, లేత ఊదా రంగుది చితాంబరి, తెల్లది శ్వేతాంబరి. మన పక్క ఎక్కువగా కనబడేది ముత్యాల చుక్కలదే. మూడింటి గొంతూ ఒకటే, తెల్లది నెమ్మది అని చెప్పి ఎక్కువ ధర అడిగితే ఇవ్వకండి.

సంతలో బుట్ట కింద కుక్కిన పక్షుల్ని కొనకండి. ఎవరి దొడ్లోనైనా పెరిగినవి, తల్లి గుంపును కళ్లారా చూసి తెచ్చుకోండి. నెల్లూరులోనూ, ప్రకాశం జిల్లా దర్శిలోనూ కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి. పెంపకందార్ల ఆచూకీ కోసం అక్కడా, పశువైద్యశాలలోనూ అడగొచ్చు. పెద్ద పక్షులు తెస్తే పాత చోటికే పోవాలని చూస్తాయి. నెల, నెలన్నర పిల్లలు కాలనీకి మేలు. అవి మీ ఇంటి చప్పుళ్ల మధ్యే పెరుగుతాయి కాబట్టి పెద్దయ్యాక బెదురు తక్కువ.

పిల్లల్ని ఎలా కాపాడుకోవాలి?

పెద్దయ్యాక గిన్నెకోడి మొండి ప్రాణం. మొదటి రెండు మూడు వారాలు మాత్రం చెమ్మ తగిలితే చాలు, పిల్ల దక్కదు. మొదటి వారం బల్బు కింద 35 డిగ్రీల వేడి ఉండాలి. వారానికి మూడేసి డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. థర్మామీటరు లేకపోయినా పిల్లలే చెప్తాయి. బల్బు కింద ముద్దగా కూడితే చలి, అంచులకు పోయి నోరు తెరిస్తే వేడి ఎక్కువ, పెట్టె అంతా చెల్లాచెదురుగా తిరుగుతుంటే సరిపోయినట్టు.

నున్నటి న్యూస్‌పేపరు మీద వదలొద్దు. కాళ్లు జారి రెండు పక్కలకు పోయి, పిల్ల అవిటిదవుతుంది. గోనెపట్టా వేయండి. నీళ్ల పళ్లెంలో గులకరాళ్లు నింపండి, లేకపోతే మునిగి చస్తాయి. మేతలో మాంసకృత్తులు 24 శాతానికి తగ్గకూడదు. బ్రాయిలర్ ప్రీ-స్టార్టర్‌కు (బ్రాయిలర్ పిల్లలకు మొదట్లో పెట్టే మేత) ఉడికించిన గుడ్డు చిదిమి కలిపితే దగ్గరకొస్తుంది. కోళ్ల మేతలో రక్తపారుడు రాకుండా కలిపే మందుల్లో కొన్ని గిన్నెకోళ్లకు పడవు. బస్తా మీద రాసింది ఫోటో తీసి పశువైద్యుడికి చూపించాకే వాడండి.

మొదటిసారి ఎప్పుడు బయటికి వదలాలి? రెక్కలు కత్తిరించాలా?

తెచ్చిన దగ్గర్నుంచి కనీసం ఆరు వారాలు దొడ్డి దాటనివ్వొద్దు. ఆ చోటే తమ ఇల్లని తలకెక్కాలి. ఆ తర్వాత కూడా కాలనీలో పగలంతా వదిలేసే పద్ధతి నాకు నచ్చదు. ఇవి గోడలు దూకుతాయి, రేకుల మీద నడుస్తాయి, మేడెక్కుతాయి. పక్కావిడ మేడ మీద మిరపకాయలో వడియాలో ఆరబోసి ఉంటే వాటి మీదే రెట్ట వేస్తాయి. కారు తలుపులో తమ నీడ చూసి ఇంకో పక్షి అనుకుని పొడుస్తాయి, రంగు గీతలు పడతాయి. వీధి కుక్కల సంగతి చెప్పనక్కర్లేదు.

పొద్దు కుంకే ముందు గంట సేపు, మీరు దగ్గరుండి, మీ ఆవరణలో వదలండి. కడుపు కాస్త ఖాళీగా ఉండాలి. డబ్బాలో సజ్జలు గలగలలాడిస్తే పరుగున వచ్చేలా మొదటి రోజు నుంచే అలవాటు చేయండి. నెల రోజుల్లో ఆ చప్పుడుకు గుంపంతా షెడ్డులోకి వస్తుంది.

రెక్క కత్తిరింపు ఒక వైపు పెద్ద ఈకలకే చేయాలి, రెండు వైపులా కత్తిరిస్తే సమానంగా ఎగరనే ఎగురుతాయి. ఈకలు రాల్చి కొత్తవి వచ్చాక మళ్లీ చేయాలి. దొడ్డికి పైన వల ఉంటే ఈ బాధ లేదు. పట్టుకునేటప్పుడు కాళ్లు పట్టుకోకండి. నాటుకోడిని పట్టినట్టు కాలు పట్టి లాగితే కీలు తప్పుతుంది. రెండు రెక్కలూ కలిపి ఒంటికి అదిమి ఎత్తాలి.

అరుపు తగ్గించే మార్గాలేమన్నా ఉన్నాయా?

తగ్గించొచ్చు, ఆపలేం. వీధి కనబడితే అరుస్తాయి కాబట్టి దొడ్డికి వీధి వైపు నాలుగైదు అడుగుల ఎత్తు దాకా తడికో పచ్చ షేడ్‌నెట్టో కట్టండి. షెడ్డుకు మూడు వైపులా గోడ, పైన గాలి కంతలు, లోపల నాలుగడుగుల ఎత్తున పడుకునే కర్ర ఉండాలి. లోపల చీకటిగా ఉన్నంతసేపు అవి లేవవు. ఐదింటికి తెల్లారినా మీరు తలుపు ఏడింటికి తీయొచ్చు. కాలనీలో ఇది ఒక్కటి పాటించినా సగం తగాదాలు ఉండవు. ఆదివారం ఇంకో గంట ఆగండి.

దీపావళికి, పెళ్లిళ్ల డీజేకి, వీధిలో గణేశుడి ఊరేగింపుకి ముందే షెడ్డులో పెట్టి తలుపేయండి. బెదిరితే మూలకు పోయి ఒకదానిమీద ఒకటి పడి ఊపిరాడక చస్తాయి. మూలల్లో అడ్డంగా ఒక పలక కొట్టి గుండ్రం చేస్తే ఆ ప్రమాదం తగ్గుతుంది.

మేత ఏం పెట్టాలి?

పెద్ద పక్షికి రోజుకు దాదాపు 100 గ్రాములు. లేయర్ మేత (గుడ్ల కోళ్ల మేత) సగం, మిగతా సగం నూకలు, సజ్జలు, జొన్నలు, తవుడు, వేరుశనగ చెక్క. మునగాకు, తోటకూర తుక్కు ఇష్టంగా తింటాయి. మన తీరంలో ఎండు చేపలు చవకగా దొరుకుతాయి, కానీ ఉప్పు వేసి ఎండబెట్టినవి పెట్టకండి. ఉప్పు ఎక్కువైతే కోళ్లు చస్తాయి. ఉప్పు లేని చేప పొడి అయితే కొద్దిగా కలపొచ్చు. గుడ్లు పెట్టే కాలంలో ఆల్చిప్పల పొడి విడిగా ఒక చిప్పలో ఉంచండి.

చెక్కకు బూజు పట్టిందేమో చూసుకోండి. వానాకాలం బస్తాలో బూజు పట్టిన వేరుశనగ చెక్క విషంతో సమానం.

గుడ్లు ఎన్ని పెడతాయి? తినొచ్చా?

తినొచ్చు, రుచిగా ఉంటాయి. గుడ్డు బరువు 38-40 గ్రాములు. పెంకు బాగా మందం కాబట్టి కోడిగుడ్డుకన్నా ఎక్కువ రోజులు నిలవుంటుంది. ఎనిమిది నెలల వయసులో మొదలుపెట్టి, మార్చి నుంచి సెప్టెంబరు దాకా పెడతాయి. బాగా చూసుకుంటే ఆ కాలంలో 100 నుంచి 120 గుడ్లని పరిశోధన సంస్థ లెక్క. ఇంటి పెరట్లో అంత రాకపోయినా బాధపడకండి. చలికాలంలో ఒక్కటీ పెట్టవు.

బయట తిరిగే పెట్ట గూడు దాచుకుంటుంది. పక్క ప్లాట్‌లో కంప కింద నాలుగైదు పెట్టలు ఒకే చోట ఇరవై ముప్పై గుడ్లు పోగేస్తాయి, రాత్రి అక్కడే పొదిగితే ముంగిసకో కుక్కకో ఆహారమవుతాయి. మధ్యాహ్నం దాటేదాకా దొడ్డిలోనే ఉంచితే చాలావరకు లోపలే పెడతాయి. గూట్లో రెండు గుడ్లు గుర్తు పెట్టి వదిలి, మిగతావి తీసుకోండి. మొత్తం ఊడ్చేస్తే చోటు మార్చేస్తుంది.

పొదిగించడానికి నాటుకోడి పెట్టే నయం. అయితే గిన్నెకోడి గుడ్డుకు 26 నుంచి 28 రోజులు, కోడిగుడ్డుకు 21. రెండూ కలిపి పొదిగేస్తే కోడిపిల్లలు రాగానే తల్లి లేచిపోతుంది, గిన్నెకోడి గుడ్లు చల్లబడిపోతాయి. గిన్నెకోడివి మాత్రమే పెట్టండి. జూలై లోపు పిల్లలు దిగేలా చూసుకుంటే అక్టోబరు వానలకు గట్టిపడతాయి. ఆగస్టు తర్వాత పొదిగేయడం మన జిల్లాల్లో దండగ.

ఎండకూ తుపానుకూ ఏం చేయాలి?

రోహిణి కార్తెలో రేకుల షెడ్డు పొయ్యి అవుతుంది. పైన తాటాకో వరిగడ్డో మందంగా కప్పి, మధ్యాహ్నం తడపండి. నీళ్లు మట్టికుండలో, నీడలో, రెండు చోట్ల పెట్టండి. నోరు తెరిచి రెక్కలు వేలాడేస్తే వెంటనే నీడకు చేర్చి కాళ్లు తడపాలి.

మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో పెన్నా పొంగి నెల్లూరులో పొర్లుకట్ట పక్క కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటే ముందు నెల్లూరు, ప్రకాశం జిల్లాలను ముంచెత్తింది. షెడ్డు నేల రెండడుగులు ఎత్తు చేసి, రేకుల్ని ఇనుప తీగతో బిగించుకోండి. గాలివాన హెచ్చరిక వస్తే పక్షుల్ని బుట్టల్లో వరండాలోకి చేర్చడానికి ముందే బుట్టలు సిద్ధంగా ఉండాలి. అప్పటికప్పుడు వెతికితే దొరకవు.

నాటుకోళ్లతో కలిపి పెంచొచ్చా?

జాగా ఎక్కువుంటే పెంచొచ్చు. గిన్నె పుంజులు కోడిపుంజును గుంపుగా తరుముతాయి, మేత దగ్గర పెత్తనం చేస్తాయి. మేత తొట్లు రెండు చోట్ల పెట్టండి. రాత్రి షెడ్లు విడిగా ఉంటే మేలు.

జబ్బులొస్తే ఎవరిని అడగాలి? బర్డ్ ఫ్లూ వస్తే?

కోళ్లకొచ్చే కొక్కెర తెగులు (రాణీఖెత్ జబ్బు) వీటికీ వస్తుంది. టీకాల రోజులు మీ పశువైద్యుడు చెప్పినట్టు పాటించండి. రెట్టలో రక్తం కనబడితే రక్తపారుడు కావొచ్చు, నేల తడిగా ఉందని అర్థం. సచివాలయంలో పశుసంవర్ధక సహాయకులుంటారు, 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం గురించి చెప్తారు.

2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లా పొదలకూరు, కోవూరు మండలాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది. అలాంటప్పుడు వ్యాధి తేలిన చోటు నుంచి కిలోమీటరు లోపల పెంపుడు పక్షులన్నిటినీ తీసేస్తారు, పది కిలోమీటర్ల దాకా నిఘా పెడతారు. పెరటి పక్షులకూ మినహాయింపు లేదు. నష్టపరిహారం ఇస్తారు. దాచిపెట్టడం మాత్రం చేయకండి, మీ ఇంట్లో పిల్లలకే ప్రమాదం. ఒకేసారి రెండు మూడు చనిపోతే ముట్టుకోకుండా పశువైద్యశాలకు చెప్పండి. చచ్చిన పక్షిని కాలవలో పడేయడం ఎప్పుడూ తప్పే.

వాసన, ఈగలు?

షెడ్డులో వరి ఊక మూడు నాలుగు అంగుళాలు పరిచి, వారానికి రెండుసార్లు తిరగేస్తే వాసన రాదు. మన జిల్లాల్లో రైసు మిల్లులకు కొదవ లేదు, ఊకకూ లేదు. తడిసిన చోట వెంటనే తీసి కొత్తది వేయాలి. తీసిన ఊక కుప్పవేసి మాగితే మొక్కలకు మంచి ఎరువు. పచ్చిగా వేస్తే మొక్క మాడుతుంది.

ఇప్పటికే ఫిర్యాదు వచ్చింది. ఇప్పుడేం చేయాలి?

వాదించకండి. "మీ కుక్క మొరగట్లేదా?" అన్న మాట నోటికి రాకూడదు. ఏ సమయంలో ఇబ్బందిగా ఉందో అడిగి తెలుసుకోండి. పొద్దున్నే అయితే తలుపు ఆలస్యంగా తీయండి, మధ్యాహ్నం నిద్ర అయితే ఆ వేళకు చీకటి షెడ్డులో మేత వేసి పెట్టండి. దొడ్డిని వాళ్ల గోడకు దూరం జరపండి. అన్నిటికన్నా ఎక్కువ అరిచే పెట్ట ఒకటి ఉంటుంది, దాన్ని గుర్తుపట్టి పల్లెలో తెలిసినవాళ్లకు ఇస్తే గుంపు మొత్తం నెమ్మదించడం చూశాను. రెండు వారాల తర్వాత మీరే వెళ్లి "తగ్గిందా అన్నా?" అని అడగండి. తగ్గలేదంటే తీసేయడమే న్యాయం. పక్కింటి మనిషి మన ఇష్టాన్ని పదేళ్లు భరించాల్సిన పని లేదు, ఈ పక్షులు పదేళ్లకు పైనే బతుకుతాయి మరి.

ఇక పెంచలేం అనుకుంటే వాటిని ఏం చేయాలి?

చెరువు గట్టునో అడవిలోనో వదలకండి, రెండు రోజుల్లో కుక్కల పాలవుతాయి. పొదిలి, కనిగిరి, ఉదయగిరి పక్క తోటలున్నవాళ్లు సంతోషంగా తీసుకుంటారు. గుంపును విడదీయకుండా ఒకే చోటికి ఇవ్వండి. రాత్రి చీకటి పడ్డాక పడుకునే కర్ర మీదనుంచి ఒక్కొక్కటిగా ఎత్తి, కంతలు పెట్టిన అట్టపెట్టెల్లో రెండేసి చొప్పున పెట్టి, చల్లపూట తీసుకెళ్లండి. మీ సజ్జల డబ్బా కూడా వాళ్లకిచ్చి, ఆరు వారాలు బయటికి వదలొద్దని గట్టిగా చెప్పండి.